గోలీగా మొదలై కోచ్‌గా స్థిరపడటం: పీటర్ తంగరాజ్ దారి మన కడప పిల్లలకు

ఆటల పిచ్చి ఉన్న కొడుకు గురించి తండ్రి అడిగే ప్రశ్న ప్రొద్దుటూరులోనూ, జమ్మలమడుగులోనూ, పులివెందులలోనూ ఒకటే. "గోలు కాడ నిలబడి బంతి పట్టుకునే పనికి జీతం యాడ ఇస్తారప్పా?" ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. వేరుశనగ చేతికి రాని ఏడాదినీ, చీనీ తోట ఎండిపోయిన ఏడాదినీ చూసిన ఇంట్లో, పిల్లవాడి వయసును దేనిమీద పెడుతున్నామో అడగడం పెద్దల బాధ్యత. చాలామంది "ముందు ఆడనీ, తర్వాత చూద్దాం" అని మాట దాటేస్తారు. ఆ "తర్వాత" ఏమిటన్నదే ఈ వ్యాసం. ఫుట్‌బాల్ ఆటగాడి కాళ్లు ముప్పై అయిదేళ్లకు అలిసిపోతాయి. ఉద్యోగం మాత్రం అరవై ఏళ్ల దాకా కావాలి. మధ్యలో మిగిలే పాతికేళ్లకు కోచింగ్ ఒక మంచి సమాధానం. ఆ సమాధానానికి జట్టులో అందరికంటే దగ్గరగా ఉండేది గోల్‌కీపర్ అని నా గట్టి నమ్మకం.

ఈ మాటకు సాక్ష్యం కోసం యూరప్ దాకా పోనక్కర్లేదు. 1935 డిసెంబరులో హైదరాబాద్‌లో పుట్టిన పీటర్ తంగరాజ్ చాలు. మార్నింగ్ స్టార్, ఫ్రెండ్స్ యూనియన్ వంటి స్థానిక క్లబ్బుల్లో ఆట నేర్చుకున్నాడు. 1953లో సైన్యంలో చేరి, నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో ఉన్న మద్రాస్ రెజిమెంటల్ సెంటర్‌కు వెళ్లాడు. మొదట్లో అతను ఆడింది సెంటర్ ఫార్వర్డ్‌గా, అంటే గోల్స్ కొట్టే స్థానంలో. తర్వాతే గోల్స్ ఆపే స్థానానికి మారాడు. ఆరడుగులు దాటిన మనిషి, పొడవాటి చేతులు, ఎదుటి ఫార్వర్డ్ బంతిని ఎప్పుడు తంతాడో తానే ఫార్వర్డ్‌గా ఆడి తెలుసుకున్న బుర్ర. మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ జట్టు 1955లో, మళ్లీ 1958లో డ్యూరాండ్ కప్ గెలిచింది. 1956 మెల్‌బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత జట్లలో తంగరాజ్ ఉన్నాడు. సర్వీసెస్ జట్టు తొలిసారి సంతోష్ ట్రోఫీ గెలిచినప్పుడూ ఉన్నాడు. తర్వాత కలకత్తా చేరి మహమ్మడన్ స్పోర్టింగ్, మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మూడింటికీ ఆడాడు. 1967లో అర్జున అవార్డు వచ్చింది.

ఈ జాబితాలో ఉద్యోగం వెతుక్కునే కుర్రాడు చూడాల్సింది కప్పుల్ని కాదు. ఆట నేర్చుకుంటున్నంత కాలం తంగరాజ్ చేతికి నెలనెలా జీతం వచ్చింది. అతను సిపాయి. తిండి, బస, మైదానం, బూట్లు, దెబ్బ తగిలితే వైద్యం, అన్నీ ఒక సంస్థ చూసుకుంది. పేద ఇంటి నుంచి వచ్చి ఆటలో నిలబడ్డ మన దేశపు క్రీడాకారుల్లో చాలామంది వెనక ఇలాంటి సంస్థ ఒకటి కనిపిస్తుంది. సైన్యం, రైల్వే, పోలీసు, బ్యాంకు, ఉక్కు కర్మాగారం, ఏదో ఒకటి. ప్రతిభ తర్వాత రెండో మెట్టు ఆ సంస్థను పట్టుకోవడం. దాన్ని విడిచి నేరుగా క్లబ్బు కాంట్రాక్టు మీద ఆశ పెట్టుకున్నవాళ్లకే ఎక్కువ నష్టం జరిగింది.

తంగరాజ్‌ను తీర్చిన కోచ్ కథ కూడా ఇలాంటిదే. సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్‌లో బడిపంతులు. పిల్లలకు పాఠం చెప్పే మనిషి హైదరాబాద్ సిటీ పోలీసు జట్టును చేతిలోకి తీసుకుని, 1950 నుంచి 1954 వరకు వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిపించాడు. భారత జట్టుకు 1951లోనూ, 1962లోనూ ఆసియా క్రీడల స్వర్ణం వచ్చింది ఆయన చేతుల మీదుగానే. 1956 ఒలింపిక్స్‌లో మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. 2024లో వచ్చిన "మైదాన్" సినిమా చూసినవాళ్లకు ఆయన పేరు తెలిసే ఉంటుంది. కోచింగ్ అంటే మొదట బోధన అని రహీం జీవితం చెబుతుంది. గొప్పగా ఆడినవాడికి కోచింగ్ తానంతట తాను వచ్చేయదు. తనకు వచ్చింది ఎదుటివాడికి వచ్చేలా చేయడం వేరే విద్య.

1962 సెప్టెంబరు 4న జకార్తాలో జరిగిన ఆసియా క్రీడల ఫైనల్ దగ్గర కాస్త ఆగుదాం. ఎదురుగా దక్షిణ కొరియా. అదే జట్టు లీగ్ దశలో మనల్ని 2-0తో ఓడించింది. లక్షమంది దాకా జనం, వాళ్లలో ఎక్కువమంది భారత్‌కు వ్యతిరేకంగా అరుస్తున్నారు. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. సెమీఫైనల్లో గోలు కాచింది ప్రద్యుత్ బర్మన్. ఫైనల్‌కు రహీం తంగరాజ్‌ను దింపాడు. జర్నైల్‌ను డిఫెన్స్‌లో వాడకుండా ముందుకు పంపాడు. పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ ఒక గోలు కొట్టారు. 2-1తో స్వర్ణం మనదైంది. ఆ రోజు మైదానంలో సికింద్రాబాద్ వాడు తులసీదాస్ బలరాం, హైదరాబాద్ వాడు యూసుఫ్ ఖాన్ కూడా ఉన్నారు. ఎవరిని తీయాలి, ఎవరిని పెట్టాలి, దెబ్బ తగిలినవాణ్ని ఎక్కడ వాడుకోవాలి, ఈ మూడు నిర్ణయాలూ మ్యాచ్ మొదలుకాక ముందే జరిగాయి. కోచ్ పని చాలావరకు అక్కడే ముగుస్తుంది. ఆ తర్వాత అతను గీత బయట నిలబడాల్సిందే.

గోల్‌కీపర్ ఈ పనికి ఎందుకు దగ్గర? మైదానంలో మిగతా పదిమందికీ వీపు వెనక ఏం జరుగుతోందో సరిగ్గా కనబడదు. కీపర్‌కు మొత్తం ముందే ఉంటుంది. తమ డిఫెన్స్ లైను వంకరగా ఉందా, మిడ్‌ఫీల్డ్‌లో ఎవడు వెనక్కి రావడం మానేశాడు, ఎదుటి జట్టు ఏ వైపు నుంచి ఎక్కువగా వస్తోంది, ఇవన్నీ తొంభై నిమిషాలూ అతని కళ్లముందే నడుస్తాయి. అతను చూసి ఊరుకోలేడు, అరిచి చెప్పాలి. "ఎడమ!", "బయటికి రా!", "వదిలెయ్, నాది!" చిన్న మాటలో, సరైన క్షణంలో, అవతలివాడికి అర్థమయ్యేలా చెప్పడం అతనికి రోజూ జరిగే సాధన. ఇంకో సంగతి కూడా ఉంది. ఫార్వర్డ్ పది అవకాశాలు పోగొట్టి ఒక గోలు కొడితే వీరుడు. కీపర్ పది ఆపి ఒకటి వదిలితే తప్పు అతనిది. ఆ బరువుతో మళ్లీ లేచి నిలబడటం అలవాటైనవాడికి, రేపు తాను తీర్చే పిల్లవాడు తప్పు చేసినప్పుడు ఎలా మాట్లాడాలో తెలుస్తుంది. ఇటలీ కెప్టెన్‌గా 1982 ప్రపంచకప్ ఎత్తిన గోల్‌కీపర్ డినో జోఫ్ తర్వాత అదే జట్టుకు కోచ్ అయ్యి 2000 యూరో ఫైనల్ దాకా తీసుకెళ్లాడు. అప్పట్లో కప్ ఎత్తినప్పుడు అతని వయసు నలభై. కీపర్లు మిగతా ఆటగాళ్ల కంటే ఎక్కువ కాలం ఆడగలరు కూడా.

తంగరాజ్ 1970ల మొదట్లో ఆట విరమించాక మూడు చోట్ల కోచ్‌గా పనిచేశాడు. గోవాలో వాస్కో క్లబ్బు, ఉత్తరప్రదేశ్‌లో అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం, అప్పటి బీహార్‌లోని బొకారో ఉక్కు కర్మాగారం. చివరి దాకా బొకారోలోనే ఉండి 2008 నవంబరులో అక్కడే కన్నుమూశాడు. ఈ మూడు పేర్లను నేను కావాలనే విడివిడిగా రాశాను. క్లబ్బు, విశ్వవిద్యాలయం, ప్రభుత్వరంగ సంస్థ. ఫుట్‌బాల్ కోచ్‌కు మన దేశంలో జీతమిచ్చే తలుపులు అప్పుడూ ఇవే, ఇప్పుడూ ఇవే. వీటికి బడిని కలపాలి. మన జిల్లాకు సంబంధించినంతవరకు బడే అన్నిటికంటే పెద్ద తలుపు.

క్లబ్బు మెరుపులు చూసి మోసపోవద్దు. 2022 మార్చిలో ఫతోర్దాలో జరిగిన ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ఫైనల్లో హైదరాబాద్ ఎఫ్‌సీ కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల మీద ఓడించింది. గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. తెలుగు నేల మీది క్లబ్బుకు అది పండగ రోజు. ఆ తర్వాత రెండేళ్లలోనే జీతాల బకాయిల గొడవ మొదలైంది. 2025లో ఆ జట్టు ఏకంగా ఢిల్లీకి తరలిపోయింది. కప్ గెలిచిన క్లబ్బు పరిస్థితే అది. క్లబ్బులో అవకాశం వస్తే తప్పకుండా వెళ్లాలి, అక్కడ నేర్చుకునేది ఇంకెక్కడా దొరకదు. కానీ దానిమీదే ఇల్లు కట్టుకునే లెక్క వేసుకోకూడదు.

ప్రభుత్వరంగం, రక్షణ దళాలు, రైల్వేల దారి నెమ్మదైనా గట్టిది. సైన్యంలో చిన్న వయసు పిల్లలకు బాయ్స్ స్పోర్ట్స్ కంపెనీలు ఉన్నాయి, చదువూ శిక్షణా కలిపి సైన్యమే చూసుకుంటుంది. పెద్దయ్యాక క్రీడాకారులకు ప్రత్యేక భర్తీలు ఉంటాయి. రైల్వే జోన్లు ఏటా క్రీడా కోటా నోటిఫికేషన్లు ఇస్తాయి. వాటిలో ఫుట్‌బాల్ ఉన్నప్పుడు ఏ స్థానానికి ఎంతమంది కావాలో కూడా రాస్తారు. గోల్‌కీపర్ ఖాళీ అంటే పోటీ పడేవాళ్లు కూడా తక్కువే. ఒక జట్టుకు పదిమంది ఫార్వర్డ్‌లు క్యూ కడితే, పనికొచ్చే కీపర్లు ఇద్దరు ముగ్గురు దొరకడం కష్టం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కొత్త క్రీడా విధానంలో ఉద్యోగాల క్రీడా కోటాను 2 శాతం నుంచి 3 శాతానికి పెంచింది. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు ప్రకటిస్తే, అందులో 421 క్రీడా కోటా కింద ఉన్నాయి. ఆట వల్ల చదువు చెడిపోయిందనే మాట పాతది. సరైన సర్టిఫికెట్ ఉంటే ఆటే ఉద్యోగానికి దారి చూపుతుంది.

బడి దారి వివరంగా చూద్దాం, ఎందుకంటే ఇది అందరికీ అందేది. ఇంటర్ తర్వాత డీపీఎడ్, డిగ్రీ తర్వాత బీపీఎడ్. రెండూ రెండేళ్ల కోర్సులే. ప్రవేశానికి ఏపీ పీఈసెట్ రాయాలి అంటారు గానీ, అసలు అందులో రాతపరీక్ష లేదు. పరుగు, గుండు విసరడం, జంప్ వంటి శారీరక సామర్థ్య పరీక్షలు, ఆ పైన మీరు ఎంచుకున్న ఆటలో నైపుణ్య పరీక్ష. ఇక్కడ గోల్‌కీపర్లు చేసే పొరపాటు ఒకటుంది. బంతి పట్టడం బాగా వచ్చు కదా అని పరుగు మీద శ్రద్ధ పెట్టరు. మార్కుల్లో పెద్ద భాగం శారీరక పరీక్షలదే కాబట్టి, ఎనిమిది నెలల ముందు నుంచి పొద్దున పరుగు, వారానికి రెండు రోజులు గుండు సాధన చేయాలి. బీపీఎడ్ పూర్తయ్యాక డీఎస్సీ ద్వారా స్కూల్ అసిస్టెంట్ ఫిజికల్ ఎడ్యుకేషన్ పోస్టుకు పోటీ పడవచ్చు. 2022 పీఆర్సీలో స్కూల్ అసిస్టెంట్ స్కేలు 44,570 రూపాయల దగ్గర మొదలవుతుంది. ఎంపీఎడ్ చేసి యూజీసీ నెట్‌లో ఫిజికల్ ఎడ్యుకేషన్ పాసైతే డిగ్రీ కాలేజీలు, విశ్వవిద్యాలయాల్లో ఫిజికల్ డైరెక్టర్ పోస్టుల దాకా వెళ్లవచ్చు. అలీగఢ్‌లో తంగరాజ్ చేసినట్టు విద్యార్థుల జట్టును తీర్చే అవకాశం అక్కడుంటుంది.

కానీ పీఈటీ వేరు, ఫుట్‌బాల్ కోచ్ వేరు. వ్యాయామ ఉపాధ్యాయుడు కబడ్డీ నుంచి యోగా దాకా అన్నీ చూడాలి. ఒక ఆటలో లోతుకు వెళ్లాలంటే కోచింగ్ లైసెన్సులు కావాలి. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య నడిపే డి లైసెన్స్ మొదటి మెట్టు. ఆ పైన ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య గుర్తింపుతో సి, బి, ఎ, చివర ప్రో లైసెన్స్. ఒక్కో మెట్టుకూ మధ్య జట్టుతో పనిచేసిన అనుభవం చూపించాలి, అందుకే ఇది పరుగెత్తి ఎక్కే మెట్లు కాదు. గోల్‌కీపర్లకు విడిగా గోల్‌కీపింగ్ లెవల్ 1, 2, 3 కోర్సులు ఉన్నాయి. పటియాలాలోని నేతాజీ సుభాష్ జాతీయ క్రీడా సంస్థ పరిధిలో ఏడాది డిప్లొమా ఉంది. ఫుట్‌బాల్ ఆ ఏడాది ఏ కేంద్రంలో ఉందో నోటిఫికేషన్‌లో చూసుకుని దరఖాస్తు పెట్టాలి. డి లైసెన్స్‌ను ఆడుతున్నప్పుడే, ఇరవై, ఇరవై రెండేళ్ల వయసులోనే చేసేయమని నా సలహా. మోకాలు దెబ్బతిన్న తర్వాత కోచింగ్ గురించి ఆలోచించేవాడికి అప్పటికే నాలుగేళ్లు ఆలస్యం అయి ఉంటుంది. పైగా లైసెన్స్ కోర్సు చేసినవాడి ఆట కూడా మారుతుంది, మైదానాన్ని చూసే చూపు మారుతుంది కాబట్టి.

గోల్‌కీపింగ్ కోచ్ అనే ప్రత్యేక ఉద్యోగం ఎలా పుట్టిందో చూస్తే ఈ లెక్క బాగా అర్థమవుతుంది. తంగరాజ్ కాలంలో కీపర్లకు విడిగా శిక్షకులు ఉండటం అరుదు. 1992లో ఫుట్‌బాల్ చట్టం మారింది. సొంత జట్టువాడు కావాలని కాలితో వెనక్కి ఇచ్చిన బంతిని కీపర్ చేత్తో పట్టకూడదన్నారు. దాంతో కీపర్ కాలితో కూడా ఆడాల్సిన పదకొండో ఆటగాడయ్యాడు. 2025 జూలై నుంచి ఇంకో మార్పు. కీపర్ బంతిని చేతిలో ఎనిమిది సెకన్లకు మించి పెట్టుకుంటే ఎదుటి జట్టుకు కార్నర్ కిక్. ఇలా చట్టం మారిన ప్రతిసారీ కీపర్‌కు కొత్త పాఠం కావాలి, ఆ పాఠం చెప్పేవాడు కావాలి. స్విట్జర్లాండ్ గోల్‌కీపర్ పాస్కల్ జుబర్‌బ్యూలర్ దీనికి మంచి ఉదాహరణ. 2006 ప్రపంచకప్‌లో అతను నాలుగు మ్యాచ్‌ల్లో ఆటలో ఒక్క గోలూ వదల్లేదు. ఫ్రాన్స్, టోగో, దక్షిణ కొరియా, చివరికి ఉక్రెయిన్. ఉక్రెయిన్‌తో పెనాల్టీల్లో షెవ్‌చెంకో కొట్టిన మొదటి బంతినీ ఆపాడు. అయినా స్విస్ ఆటగాళ్లు తమ మూడు పెనాల్టీలూ పోగొట్టడంతో జట్టు ఇంటికెళ్లింది. ఆట మానాక అతను గోల్‌కీపింగ్ శిక్షణ వైపు వచ్చి, ఫిఫాలో ఆ విషయపు నిపుణుడిగా స్థిరపడ్డాడు. ఇప్పుడు ప్రపంచమంతా తిరిగి కీపర్ల ఆటను విశ్లేషించడం, కోచ్‌లకు నేర్పడం అతని పని. దేశం తరఫున 51 మ్యాచ్‌లు ఆడిన అనుభవమంతా ఆ ఉద్యోగంలో పెట్టుబడి అయింది.

మన మూడు ఊళ్ల సంగతికి వద్దాం. ఇక్కడ సాయంత్రం ఏ ఖాళీ స్థలం చూసినా క్రికెట్టే. ఫుట్‌బాల్ ఆడేవాళ్లు తక్కువ, గోల్‌కీపింగ్ నేర్పేవాళ్లు మరీ తక్కువ. చాలా బడుల్లో లావుగా ఉన్నవాణ్నో, పరుగెత్తలేనివాణ్నో గోలులో నిలబెడతారు. ఇది రెండు రకాలుగా అన్యాయం. ఆ పిల్లవాడికీ అన్యాయమే, ఆ స్థానానికీ అన్యాయమే. ఈ కొరతనే నేను అవకాశం అంటున్నాను. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల బడుల మధ్య తిరిగి వారానికి రెండు సాయంత్రాలు కీపర్లకు మాత్రమే శిక్షణ ఇచ్చే కోచ్ ఒకడుంటే, అతనితో పోటీ పడేవాడు దగ్గర్లో ఉండడు. ప్రైవేటు బడులు ఆటలకు బయటి శిక్షకుల్ని పెట్టుకోవడం మొదలుపెట్టిన రోజులివి.

ఆ శిక్షణ ఎలా ఉండాలో ఒక్క పాఠం చెబుతాను. మన మైదానాలు ఎక్కువగా గట్టి నేల, గులకరాళ్లు. అలాంటి చోట పన్నెండేళ్ల పిల్లవాణ్ని నిలబడి దూకమంటే తుంటి చర్మం లేచిపోతుంది. రెండోసారి వాడు దూకడు, భయం పట్టుకుంటుంది. కాబట్టి ముందు ఇసుక. పెన్నా ఒడ్డున జమ్మలమడుగు వైపు ఇసుకకు కొదవ లేదు. లేదంటే బడిలో లాంగ్‌జంప్ గుంట చాలు. మొదట పిల్లవాణ్ని మోకాళ్ల మీద కూచోబెట్టాలి. పక్కకు బంతి దొర్లించాలి. వాడు పడేటప్పుడు నేలకు ముందు తొడ పక్కభాగం, తర్వాత తుంటి, తర్వాత భుజం వరసగా తగలాలి. మోచెయ్యి కింద పెట్టాడా, ఆపి మళ్లీ చేయించాలి, మోచేతి మీద పడితే భుజం పోతుంది. పొట్ట మీద పడకూడదు. కింది చెయ్యి బంతి వెనక, పై చెయ్యి బంతి మీద, నేల మూడో చెయ్యి. అది వచ్చాక గొంతుక్కూచుని, ఆ తర్వాతే నిలబడి. నిలబడినప్పుడు కూడా అడ్డంగా దూకనివ్వకూడదు. ముందుకు ఏటవాలుగా ఒక అడుగు వేసి దూకితే బంతికి దూరం తగ్గుతుంది. ఛాతీ కంటే పైకి వచ్చే బంతికి రెండు బొటనవేళ్లు దగ్గరగా, వేళ్లు విచ్చి బంతి వెనక పెట్టాలి. కింద వచ్చేదానికి చిటికెన వేళ్లు కలిపి దోసిలి పట్టి ఛాతీకి హత్తుకోవాలి.

ఇదంతా చెయ్యి పని. దీనికంటే ముఖ్యమైనది నిలబడే చోటు. గోలు వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. గీత మీదే నిలబడ్డ పిల్లవాడు ఆ వెడల్పు మొత్తం కాచుకోవాలి. బంతి వైపు నాలుగడుగులు ముందుకు వస్తే కొట్టేవాడికి కనిపించే సందు బాగా చిక్కిపోతుంది. రెండు పోస్టులకూ తాళ్లు కట్టి, వాటి రెండో కొసల్ని కలిపి బంతి దగ్గర పట్టుకుంటే పిల్లవాడి కళ్ల ముందే ఆ త్రికోణం కనిపిస్తుంది. మధ్యలో ఎక్కడ నిలబడితే రెండు తాళ్లనూ చేతులతో అందుకోగలడో వాడే కనిపెట్టాలి. పది నిమిషాల్లో అర్థమయ్యే ఈ విషయం మాటల్లో చెబితే ఏడాదికీ ఎక్కదు. కోచ్ అయ్యేవాడికి కావాల్సిన నేర్పు ఇదే. తాడు, ఇసుక, సుద్దముక్క వంటి దొరికే వస్తువులతో పాఠాన్ని కంటికి కనిపించేలా చేయడం.

ఇలా నేర్చుకున్న పిల్లవాడు ఇంకా పైకి పోవడానికి దగ్గర్లో చోటు లేదనుకోవద్దు. కడప పుట్లంపల్లిలో డాక్టర్ వైఎస్సార్ క్రీడా పాఠశాల ఉంది. చిన్న తరగతిలోనే పరుగు, నిలుచున్న చోటి నుంచి దూకడం, మెడిసిన్ బాల్ విసరడం వంటి పరీక్షలు పెట్టి చేర్చుకుంటారు. వయసు దాటిపోయాక అడిగి లాభం లేదు కాబట్టి మూడు, నాలుగు తరగతుల్లోనే ఆ నోటిఫికేషన్ మీద కన్నేయాలి. అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ కట్టిన క్రీడా గ్రామం ఉంది. స్పెయిన్ నుంచి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో మొదలుపెట్టిన సంస్థ అది. స్పెయిన్ వాళ్ల లా లీగాతో కలిసి అక్కడ ఫుట్‌బాల్ అకాడమీ నడిపారు. 2024లో దులీప్ ట్రోఫీ క్రికెట్ మ్యాచ్‌లు కూడా ఆ మైదానంలోనే జరిగాయి. జమ్మలమడుగు నుంచి తాడిపత్రి మీదుగా, పులివెందుల నుంచి కదిరి వైపుగా బస్సులో వెళ్లి ఒక రోజు అక్కడి శిక్షణ చూసి రావడం, ఏ పుస్తకం చదివినా రాని చదువు. చూడటానికి వెళ్లినప్పుడు ఆటగాళ్లను చూడకండి, కోచ్‌ను చూడండి. ఎక్కడ నిలబడుతున్నాడు, ఎంతసేపు మాట్లాడుతున్నాడు, ఎప్పుడు మౌనంగా ఉంటున్నాడు.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ప్రత్యేకంగా ఒక మాట. ఎర్రగుంట్ల పక్క పల్లె నుంచి వచ్చిన శ్రీచరణి 2025 నవంబరులో ప్రపంచకప్ గెలిచిన భారత మహిళల క్రికెట్ జట్టులో ఉంది. మన జిల్లా పిల్లే. ఫుట్‌బాల్లో నిజామాబాద్ జిల్లా అమ్మాయి గుగులోత్ సౌమ్య దేశానికి ఆడి, క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ దాకా వెళ్లింది. గోల్‌కీపింగ్ విషయానికొస్తే అదితి చౌహాన్ దారి చదవదగ్గది. ఇంగ్లాండ్‌లో స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ చదువుతూ వెస్ట్ హామ్ మహిళల జట్టుకు గోలు కాచింది. భారత జట్టుకు ఆడుతుండగానే అమ్మాయిల కోసం షీ కిక్స్ అకాడమీ పెట్టింది. 2025లో ఆట విరమించే నాటికి ఆమె రెండో వృత్తి సిద్ధంగా ఉంది. మహిళా కోచ్‌లకు గిరాకీ ఇప్పుడు ఉన్నంతగా ఎప్పుడూ లేదు. అమ్మాయిల హాస్టళ్లు, గురుకులాలు, కాలేజీ జట్లకు మహిళా శిక్షకురాలే కావాలని అడుగుతున్నారు. ఆ అర్హత ఉన్నవాళ్లే దొరకడం లేదు.

సర్టిఫికెట్ల దగ్గర జాగ్రత్త చాలా అవసరం, ఇక్కడే ఎక్కువమంది మునుగుతున్నారు. "జాతీయ టోర్నమెంట్" అని పేరు పెట్టి, ఒక్కొక్కరి దగ్గర వేలకు వేలు ఫీజు తీసుకుని, బయటి రాష్ట్రంలో రెండు మ్యాచ్‌లు ఆడించి రంగుల కాగితం చేతిలో పెట్టేవాళ్లు ఉన్నారు. ఉద్యోగాల క్రీడా కోటాలో ఆ కాగితానికి విలువ సున్నా. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య, దాని రాష్ట్ర సంఘం, స్కూల్ గేమ్స్ ఫెడరేషన్, విశ్వవిద్యాలయాల సంఘం నడిపే పోటీలే లెక్కలోకి వస్తాయి. డబ్బు కట్టే ముందు ఆ పోటీ ఎవరి గుర్తింపుతో జరుగుతోందో కాగితం మీద అడగాలి. వచ్చిన ప్రతి సర్టిఫికెట్‌నూ, జట్టు జాబితాల నకళ్లనూ, మ్యాచ్ తేదీలనూ ఒక ఫైలులో పెట్టుకోవాలి. పదేళ్ల తర్వాత పరిశీలనకు పిలిచినప్పుడు తేదీ తేడా వచ్చి అర్హులే వెనక్కి పోయిన సందర్భాలు ఉన్నాయి. పేరు పదో తరగతి మార్కుల జాబితాలో ఎలా ఉందో ఆట సర్టిఫికెట్‌లోనూ అక్షరం తేడా లేకుండా అలాగే ఉండాలి.

చదువు వదిలేయమని ఏ కోచ్ అయినా చెబితే ఆ కోచ్‌నే వదిలేయండి. డిగ్రీ లేకపోతే బీపీఎడ్ లేదు, పటియాలా డిప్లొమా లేదు, ప్రభుత్వ కొలువుల్లో సగం తలుపులు మూసుకుంటాయి. ఇంగ్లీషు, కాస్త హిందీ తప్పనిసరి. లైసెన్స్ కోర్సుల్లో పాఠం ఆ భాషల్లోనే జరుగుతుంది, మీరే నిలబడి పదిహేను నిమిషాల శిక్షణ నడిపి చూపించాలి. ఆ పరీక్షలో ఆట వచ్చి మాట రానివాళ్లు తడబడతారు. ఇప్పటి నుంచే వారానికోసారి మీ బడిలోని చిన్న తరగతి పిల్లలకు అరగంట నేర్పండి. ముందురోజు రాత్రి కాగితం మీద రాసుకోండి. ఏం నేర్పాలి, ఎన్ని బంతులు కావాలి, ఎంతమంది ఎక్కడ నిలబడాలి. అయిపోయాక ఏది కుదరలేదో అదే కాగితం వెనక రాయండి. ఆ కాగితాలు ఏడాదికి ఒక నోటుబుక్కు అవుతాయి. కోచ్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు పతకాలతో పాటు ఆ నోటుబుక్కు బల్ల మీద పెట్టినవాణ్ని చూసే తీరే వేరుగా ఉంటుంది.

పదో తరగతిలో ఉన్నవాళ్లు ఈ ఏడాది చేయాల్సింది చిన్నదే. బడి జట్టులో గోలు కాస్తుంటే స్కూల్ గేమ్స్ మండల, జిల్లా ఎంపికల తేదీలు పీఈటీ సారును అడిగి రాసుకోవడం, ఆధార్, పుట్టిన తేదీ సరిచూసుకోవడం. ఇంటర్, డిగ్రీ వాళ్లు విశ్వవిద్యాలయ జట్టు ఎంపికలకు తప్పకుండా వెళ్లాలి, అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో ఆడిన కాగితం చాలా కోటాల్లో పనికొస్తుంది. డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్నవాళ్లు పీఈసెట్, డి లైసెన్స్ రెండింటికీ ఒకే ఏడాదిలో దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఒకదానికొకటి అడ్డం రావు. డి లైసెన్స్ కోర్సులో సీట్లు తక్కువ, ప్రకటన వచ్చిన కొద్ది రోజుల్లోనే నిండిపోతాయి. అందుకని సమాఖ్య వెబ్‌సైటులో పేరు ముందే నమోదు చేసి, ఫొటో, గుర్తింపు కార్డు సిద్ధంగా పెట్టుకుని, రాష్ట్ర సంఘం ప్రకటనల్ని వారానికి ఒకసారైనా చూస్తూ ఉండాలి.